షిన్మోంజెన్ వీధిలో జపాను పాత కంచు: ఒక దుకాణంపై సమీక్ష

క్యోటో గియోన్ ప్రాంతంలోని షిన్మోంజెన్ వీధి పురాతన వస్తువుల దుకాణాలకు ప్రసిద్ధి. అందులో కంచు సామానుకే ప్రాధాన్యమిచ్చే ఒక చిన్న దుకాణంలో మెయిజీ కాలానికి (1868–1912) చెందిన మూత ఉన్న ధూపపాత్రను కొన్నాను. వస్తువు ఎంత నచ్చిందో, దానిని చూపించిన పద్ధతి అంతకంటే ఎక్కువ నచ్చింది.

1876లో సైనికులు, పోలీసులు వంటివారికి తప్ప ఇతరులకు బహిరంగంగా కత్తి ధరించడం నిషిద్ధమైంది. దానితో కత్తిపిడులకూ ఒరలకూ నగిషీలు చెక్కిన పనివారిలో చాలామంది పూలకూజాలు, ధూపపాత్రలు, జంతువుల బొమ్మల తయారీకి మళ్ళారు. ఆ చేతిపనితనం ఈ పాత్ర మీద స్పష్టంగా కనిపిస్తుంది. పక్కభాగంలో పొదిగిన వెండి కొంగ ఈకలను ఒక్కొక్కటిగా ఉలితో గీశారు. ఒక కాలి దగ్గర వెండితీగ ఊడిపోయి సన్నని గాడి మిగిలింది. యజమాని భూతద్దం చేతికిచ్చి, ఆ గాడి అంచులు లోపలికి వాలి ఉండడాన్ని చూపించారు. తీగను అందులో ఉంచి సుత్తితో కొడితే అది ఆ అంచుల కింద బిగుసుకుంటుందట. ఆ లోపాన్ని దాచకుండా దానితోనే పనితనాన్ని వివరించడం నాకు ఎంతో గౌరవం కలిగించింది. మూత మీది సింహాన్ని తర్వాతి కాలంలో మళ్ళీ అతికించారనీ, పాత్రతో వచ్చిన చెక్కపెట్టె దీనికోసం చేసినది కాదనీ అడగకముందే చెప్పి, రసీదులోనూ రాశారు.

షకుడో పనితనం ఉన్న పూలకూజాలు కూడా అక్కడ ఉన్నాయి. రాగిలో కొద్దిపాటి బంగారం కలిపి చేసే మిశ్రమలోహం అది; రసాయన ద్రావణంలో ఉడికిస్తే దానిమీద నీలిఛాయ నలుపు తేలుతుంది. పొరపాటున కూడా మెరుగుపొడితో రుద్దకూడదు.

లోపాలూ లేకపోలేదు. పసుపు దీపాల కింద కంచు అసలు రంగు తెలియదు కనుక వస్తువును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూడాలి. తైషో కాలానివిగా (1912–1926) తోచే కొన్నింటికి కూడా ‘మెయిజీ’ అనే చీటీలే తగిలించారు. ఇంత నిజాయితీగా మాట్లాడే చోట అవి సరిదిద్దుకోవలసినవి. బేరానికీ పెద్దగా అవకాశం లేదు. తక్కువ ధరే ముఖ్యమనుకునేవారు ప్రతినెలా 21న క్యోటోలోనే ఉన్న తోజి ఆలయంలో జరిగే సంతకు వెళ్ళవచ్చు, కానీ అక్కడ అతుకులనూ పనివారి సంతకాలనూ పరీక్షించుకునే భారం కొనేవారిదే.