కొత్త పికప్ రంగుకు ఇంట్లోనే రక్షణ: మైనమా, సీలెంటా, సిరామిక్ కోటింగా?

కొత్త పికప్ బండి కొన్నవారికి షోరూములో తాళాలు చేతికి ఇవ్వకముందే రంగు రక్షణ ప్యాకేజీ ఒకటి చూపిస్తారు. కొన్నిచోట్ల దానిని టెఫ్లాన్ కోటింగ్ అంటారు, కొన్నిచోట్ల సిరామిక్ అంటారు. పేరు ఏదైనా వేల రూపాయలు బిల్లులో చేరతాయి. తిరుపతి జిల్లా శ్రీసిటీలో తయారయ్యే ఇసుజు వీ-క్రాస్ కావచ్చు, టయోటా హైలక్స్ కావచ్చు, సరుకు రవాణాకు కొన్న బొలెరో పికప్ కావచ్చు, ఈ పనిలో ఎక్కువ భాగం ఓపిక ఉన్న మనిషి ఇంటి ముందు నీడలో చేసుకోగలిగినదే. అయితే బజారులో దొరికే రకాలలో మన నీటికి, మన ఎండకు, ఆ బండి చేయబోయే పనికి ఏది తగినదో ముందుగా తేల్చుకోవాలి.

టెఫ్లాన్ సంగతి మొదట తీసివేద్దాం. టెఫ్లాన్ అనే పదార్థం దాదాపు 327 డిగ్రీల సెల్సియస్ వద్ద గాని కరగదు, మామూలు వేడిలో దేనికీ అతుక్కోదు. పెనం మీద అది నిలిచేది కొలిమి వేడిలో కాల్చడం వల్లనే. బండి బానెట్‌ను అంత వేడి చేసే వీలు లేదు గనుక, ఆ పేరుతో షోరూములో రాసేది ఆచరణలో ఒక పాలిమర్ పాలిష్‌గానే పని చేస్తుంది. దానికి చెల్లించే సొమ్ముతో రంగు మీద మనమే రాసుకునే రక్షణ ద్రవం, అంటే మంచి సీలెంట్, డబ్బాలు చాలా కొనుక్కోవచ్చు.

మనం కాపాడవలసిన పొర ఎంత పల్చనిదో తెలిస్తే మిగతా నిర్ణయాలు తేలికవుతాయి. ఉక్కు రేకు మీద తుప్పు పట్టకుండా వేసే ప్రైమర్, దాని మీద రంగు, అన్నిటికీ పైన పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటాయి. ఇవన్నీ కలిపినా సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్లకు మించవు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). అందులో క్లియర్ కోట్ వాటా 40 లేదా 50 మైక్రాన్లు మాత్రమే. పాలిష్ పట్టిన ప్రతిసారీ అందులో కొంత అరిగిపోతుంది. కొత్త బండికి మూడు నెలల పాటు మైనం పూయకూడదనే మాట ఒకటి చాలామంది నోట వినిపిస్తుంది. అది గుద్దుకున్న తరువాత వర్క్‌షాపులో తిరిగి రంగు వేయించిన రేకులకు వర్తించే జాగ్రత్త. కర్మాగారంలో 140 డిగ్రీల దరిదాపుల్లో కాల్చిన రంగు బండి మన చేతికి వచ్చేసరికే పూర్తిగా గట్టిపడి ఉంటుంది.

కార్నౌబా మైనం బ్రెజిల్ ఈశాన్య ప్రాంతపు తాటిజాతి చెట్ల ఆకుల నుంచి వస్తుంది. ముదురు రంగు బండికి అది ఇచ్చే లోతైన మెరుపుకు సాటి లేదనేవారు ఉన్నారు, ఆ మాట నిజమే. కాని అది 82 నుంచి 86 డిగ్రీల మధ్య కరిగే పదార్థం. మే నెల ఎండలో నల్లటి బానెట్ 70 డిగ్రీల వరకు వేడెక్కుతుంది గనుక, కరగకపోయినా మెత్తబడి, దుమ్మును పట్టుకొని, కొద్ది వారాలకే పలచబడిపోతుంది. గిన్నెలు తోమే సబ్బుతో కడిగితే ఇంకా త్వరగా పోతుంది. ఆదివారం పూట బండితో కాలక్షేపం చేయడం ఇష్టమైనవారికి తప్ప, పని చేసే పికప్‌కు దీనిని నేను సూచించను.

అసలు పోటీ సింథటిక్ సీలెంట్‌కు, సిరామిక్ కోటింగ్‌కు మధ్యనే. సీలెంట్ కృత్రిమ పాలిమర్లతో చేసిన ద్రవం; పల్చగా రాసి, ఆరిన తరువాత తుడిచేస్తే నాలుగు నుంచి ఆరు నెలలు నిలుస్తుంది. సిలికా కలిపిన స్ప్రే రకాలు ఇంకా సులువు: కడిగిన బండి తడిగా ఉండగానే చల్లి తుడవవచ్చు, మూడు నెలలకొకసారి మళ్ళీ చేస్తే సరిపోతుంది. ఉతికిన చొక్కాకు గంజి పెట్టినట్టు, ఇది కడగడంలో భాగమైపోతుంది. పొరపాటుగా ఒకచోట ఎక్కువ పడినా తడిగుడ్డతో సరిచేయవచ్చు, ఒక తలుపుకు గీత పడితే ఆ తలుపు వరకే పని చేసుకోవచ్చు.

సిరామిక్ కోటింగ్ అలా కాదు. సీసాలోని సిలికా ఆధారిత ద్రవం గాలిలోని తేమతో గట్టిపడి, క్లియర్ కోట్‌కు గట్టిగా అతుక్కొని, ఒకటి రెండు మైక్రాన్ల మందాన ఒక పొరగా నిలుస్తుంది. సరిగ్గా వేస్తే ఒకటి నుంచి మూడేళ్ళు ఉంటుంది, పక్షి రెట్టను, చెట్ల జిగురును మైనం కన్నా బాగా తట్టుకుంటుంది, బురద తేలికగా జారిపోతుంది. డబ్బా మీద కనిపించే 9హెచ్ అనే అంకె పెన్సిళ్ళతో గీసి చూసే పరీక్షకు చెందినది, రాళ్ళ కాఠిన్యానికి చెందినది కాదు. కంకర టిప్పరు వెనుక వెళ్ళినప్పుడు ఎగిరి వచ్చే రాయిని రెండు మైక్రాన్ల పొర ఏదీ ఆపదు.

ఇంట్లో సిరామిక్ వేయడం అసాధ్యం కాదు గాని, తయారీయే పనిలో ముప్పాతిక వంతు. బండి కడిగి ఆరబెట్టిన తరువాత పల్చటి ప్లాస్టిక్ సంచిని చేతికి తొడుక్కొని బానెట్ మీద నెమ్మదిగా రాసి చూడండి. వట్టి చేతికి నున్నగా తోచినది సంచిలోంచి ఇసుక కాగితంలా గరగరలాడుతుంది. కర్మాగారం నుంచి షోరూముకు వచ్చే దారిలో, యార్డులో నిలిచి ఉన్న రోజుల్లో అంటుకున్న ఇనుప రజను అది. తెల్ల బండి మీద నారింజ రంగు చుక్కలుగా కనిపిస్తుంది. ఇనుమును కరిగించే ద్రవం చల్లితే ఆ చుక్కలు ఊదా రంగుకు మారి కారుతాయి; మిగిలినదానిని జారుడు ద్రవం చల్లుతూ క్లే ముద్దతో, అంటే రంగుకు అంటుకున్న మురికిని లాగేసే మెత్తటి ముద్దతో, తీయాలి. తరువాత షోరూము కడుగుడులో పడిన సన్నగీతలను పాలిష్‌తో తీసి, నూనె మిగలకుండా ఆల్కహాల్ కలిపిన నీటితో తుడవాలి. గీతలు మిగిలిపోతే వాటిని కోటింగ్ కింద భద్రపరిచినట్టే అవుతుంది.

ఆ తరువాత రెండడుగుల చదరం చొప్పున రాసి, ద్రవం మీద ఇంద్రధనుస్సు రంగులు తేలగానే మైక్రోఫైబర్ గుడ్డతో సమం చేయాలి. ఏప్రిల్‌లో విజయవాడ వేడికి ఆ రంగులు తేలడమూ, ద్రవం బిగుసుకోవడమూ దాదాపు ఒకేసారి జరిగిపోతాయి. విశాఖ వానాకాలపు తేమలోనూ చేతికి దొరికే వ్యవధి తక్కువే. తుడవడం మరచిన చోట మిగిలే ముదురు మచ్చ ఒకసారి గట్టిపడితే పాలిష్ పట్టి తీయవలసిందే, అంటే క్లియర్ కోట్‌లో కొంత పోగొట్టుకోవలసిందే. డిసెంబరు లేదా జనవరి ఉదయాన, పైకప్పు ఉన్న చోట, పక్క నుంచి టార్చి వేసి చూసుకుంటూ చేసేవారికే ఈ పని చక్కగా కుదురుతుంది. వేసిన తరువాత ఒక రోజంతా నీటి చుక్క పడకూడదు, వారం వరకు కడగకూడదు.

ఇంతకన్నా పెద్ద చిక్కు నీటిలో ఉంది. మన ఊళ్ళలో చాలా బోర్ల నీరు గట్టి నీరు. సున్నం, మెగ్నీషియం లవణాలు అధికం. సిరామిక్ మీద నీరు గుండ్రటి ముత్యాలుగా నిలుస్తుంది, చూడటానికి ముచ్చటగా ఉంటుంది, కాని ఎండలో ఆ ముత్యం ఆరినప్పుడు అందులోని ఉప్పంతా ఒక్క చుక్కలో పేరుకొని తెల్లటి వలయంగా మిగులుతుంది. తొలినాళ్ళలో నీరు కలిపిన వెనిగర్‌తో ఆ మచ్చ పోతుంది. వారాల తరబడి వదిలేస్తే కోటింగ్‌లోకి దిగుతుంది. వృథా కాకూడదని ఆర్వో యంత్రం వదిలే నీటితో బండి కడిగేవారు ఉన్నారు. వడపోతలో మిగిలిన లవణాలన్నీ చేరేది ఆ నీటిలోనే గనుక మచ్చలకు అంతకన్నా దగ్గరి దారి లేదు. ఆ నీటితో ఇంటి ముందు గచ్చు కడుక్కోవచ్చు.

అందువల్ల నా అభిప్రాయం ఇది. బండి చెట్టు కిందో రోడ్డు పక్కనో నిలిచేదై, కడగడానికి బోరు నీరే ఉన్నదై, వారానికి ఆరు రోజులు సరుకు మోసేదైతే సీలెంటే మేలు. దాని ఆయుష్షు తక్కువన్నది లోపం కాదు. పాడైన పొరను కొద్ది నెలలకొకసారి అరపూటలో, కొద్ది ఖర్చుతో మార్చుకునే వీలు ఇస్తున్నది అదే. పైకప్పు ఉన్న షెడ్డు, మెత్తటి నీరు, నిదానంగా పని చేసే అలవాటు, ఈ మూడూ ఉన్నవారు, అందులోనూ నల్లటి బండి కొన్నవారు, సిరామిక్ వేసుకుంటే రెండేళ్ళ సుఖం నిజంగానే దక్కుతుంది. మూడింటిలో ఒకటి లేకపోయినా సీలెంట్ దగ్గరే ఆగడం మంచిది.

రాళ్ళ దెబ్బకు మాత్రం ఈ ద్రవాలేవీ పనికిరావు. అందుకు పీపీఎఫ్ అనే పారదర్శక ఫిల్మ్ ఒక్కటే ఉంది. 150 నుంచి 200 మైక్రాన్ల మందం గల పాలీయురేథేన్ పొర అది, సన్నగీతలు పడితే ఎండ వేడికే సర్దుకుంటాయి. బండి మొత్తానికి వేయించడం నిపుణుల పని, ఖర్చు లక్ష రూపాయల మాట. బానెట్ ముందంచు, తలుపు పిడుల వెనుక గుంటలు, తలుపుల అంచులు, వెనుక చక్రాల ముందు భాగం, ఇంతవరకు ముక్కలుగా కత్తిరించినవి కొని సబ్బు నీటితో ఇంట్లో అంటించుకోవచ్చు. పీవీసీతో చేసిన చౌక రకం ఎండకు త్వరగా పచ్చబడుతుంది గనుక, కొనేముందు పదార్థం పేరు అడగాలి.

ఏ పొర వేసినా దానిని పాడుచేసేది ఎక్కువగా తుడిచే చేయి. రోజూ ఉదయం పొడిగుడ్డతో దుమ్ము దులపడం కన్నా, దుమ్ముతో వదిలేసి వారానికొకసారి నీడలో కడగడం మేలు. పొడి దుమ్ము మీద గుడ్డ లాగితే ప్రతి ఇసుక రేణువూ ఒక గీత గీస్తుంది. ఒక బకెట్‌లో షాంపూ, మరొక దానిలో గుడ్డ జాడించే మంచినీరు ఉంచుకొని, పై నుంచి కిందికి కడిగి, నీరు ఆరకముందే ఒత్తైన మైక్రోఫైబర్ టవల్‌తో అద్దాలి. వాహన పూజలో బానెట్ మీద పెట్టిన పసుపు కుంకుమలను కూడా పొడిగా రుద్దకుండా ముందు నీటితో జార్చివేయాలి. దండలకు అంటించిన టేపును ఎండకు ఎండనీయక ఆ సాయంత్రమే తీసేయాలి.

చివరగా పికప్‌కు మాత్రమే ఉన్న ప్రశ్న, సరుకు వేసే తొట్టి సంగతి. లోపల పరిచే అచ్చు ప్లాస్టిక్ తొడుగు చవక, బిగించడం సులువు. కాని దాని కింద చేరిన ఇసుక, నీరు బయటికి పోవు. బండి కదిలినప్పుడల్లా తొడుగు ఆ ఇసుకతో రంగును రాస్తూనే ఉంటుంది, తుప్పు కంటికి కనిపించకుండా మొదలవుతుంది. భీమవరం వైపు రొయ్యల క్రేట్లు, మంచు మోసేవారు, పొటాష్ బస్తాలు వేసేవారు దీనికి దూరంగా ఉండాలి, ఎందుకంటే వారి తొట్టిలో చేరేది ఉప్పు నీరే. వారికి రేకుకే అంటుకుపోయే పాలీయూరియా లేదా పాలీయురేథేన్ పూత మేలు; రంగును గరుకు చేసి వేయవలసి ఉంటుంది గనుక తరువాత తీసే వీలు లేదు, కాబట్టి వారంటీ షరతులు ముందుగా చదివి, మొదటి లోడు ఎక్కించకముందే వేయించాలి. కూరగాయలు, ఇంటి సామాన్లు వంటివి మోసేవారికి మందపాటి రబ్బరు చాప చాలు. కడిగిన ప్రతిసారీ దానిని ఎత్తి కింద ఆరబెట్టి, నీరు పోయే రంధ్రాలలో మట్టి లేకుండా చూసుకోవాలి.