ఓపెన్ సోర్స్ ఆఫీస్‌ను మరో డెస్క్‌టాప్‌కి తీసుకెళ్లాలంటే: ఏ దారి మేలు?

సోర్స్ కోడ్ చేతిలో ఉంది కదా, కంపైల్ చేస్తే (అంటే యంత్రం నడిపే రూపంలోకి మారిస్తే) సరిపోతుంది అని చాలామంది అనుకుంటారు. చిన్న కమాండ్ లైన్ ప్రోగ్రామ్ అయితే నిజంగానే సరిపోవచ్చు. ఆఫీస్ సూట్ సంగతి వేరు. అది కంపైల్ అయ్యాకే అసలు పని మొదలవుతుంది. స్క్రీన్ మీద గీయాలి, కీబోర్డు నుంచి అక్షరాలు అందుకోవాలి, ఫాంట్లు వెతకాలి, ప్రింటర్‌కి పంపాలి, కాపీ చేసింది వేరే ప్రోగ్రామ్‌లో పేస్ట్ అవ్వాలి, చూపు లేనివాళ్లకు స్క్రీన్ రీడర్ చదివి వినిపించాలి. వీటిలో ఏ ఒక్కటీ రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలో ఒకేలా ఉండదు.

ఈ పనికి ఉన్న దారులను పోల్చి చూడాలంటే ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ అనే ఓపెన్ సోర్స్ ఆఫీస్ సూట్ మ్యాక్ మీదికి వచ్చిన తీరును మించిన ఉదాహరణ నాకు కనబడలేదు. సాఫ్ట్‌వేర్ అదే, సిస్టమ్ అదే, కాలం కూడా దాదాపు అదే. ప్రయత్నాలు మాత్రం మూడు రకాలుగా జరిగాయి, మూడూ జనం చేతికి వచ్చాయి. నా అభిప్రాయం ముందే చెబుతాను. యూజర్లు బాగా ఉన్న డెస్క్‌టాప్ అయితే అసలు ప్రాజెక్టు లోపలే ఉండే నేటివ్ పోర్టే (ఆ సిస్టమ్ సొంత సదుపాయాలను నేరుగా వాడుకునేలా మార్చిన రూపమే) మేలు, అది ఆలస్యంగా వచ్చినా సరే. అయితే "నేటివ్" అంటే అన్నీ నేటివ్‌గా ఉండాలని కాదు. ఆ తేడా చివర్లో వస్తుంది.

ముందు లోపలి అమరిక కొంచెం చూద్దాం. జర్మనీకి చెందిన స్టార్ డివిజన్ కంపెనీని సన్ మైక్రోసిస్టమ్స్ 1999లో కొన్నది. దాని స్టార్‌ఆఫీస్ కోడ్‌ను ఓపెన్‌ఆఫీస్.ఆర్గ్ పేరుతో 2000 అక్టోబర్ 13న అందరికీ తెరిచింది. ఆ కోడ్‌లో వీసీఎల్ అనే పొర ఉంటుంది. బటన్లు, మెనూలు, స్క్రోల్ బార్లు అన్నీ చాలావరకు అదే సొంతంగా గీసుకుంటుంది. కింద ఉన్న సిస్టమ్‌ని అడిగేది కొద్దిగానే: ఒక విండో ఇవ్వు, గీతలు గీయి, అక్షరాలు చూపించు, ఏ కీ నొక్కారో చెప్పు. కాబట్టి పోర్టు చేయడమంటే సూట్‌లో రాతకు వాడే రైటర్‌నో, లెక్కలకు వాడే క్యాల్క్‌నో తిరగరాయడం కాదు, వీసీఎల్ అడుగు భాగాన్ని కొత్త సిస్టమ్‌కి తగ్గట్టు రాయడం. అప్పటికి అలాంటి అడుగు భాగాల్లో ముఖ్యమైనవి రెండు: ఒకటి విండోస్‌కి, ఇంకొకటి యూనిక్స్ కుటుంబం (లైనక్స్ లాంటివి) విండోలు చూపడానికి వాడే ఎక్స్11 కి.

మొదటి దారి: ఉన్న పొర మీదే నడిపించడం

2001లో వచ్చిన మ్యాక్ ఓఎస్ ఎక్స్ అడుగున ఉన్నది యూనిక్సే. దాని మీద ఎక్స్11 సర్వర్ నడిస్తే, లైనక్స్ కోసం రాసిన కోడ్ చిన్న చిన్న మార్పులతో నడుస్తుంది. 2003 జనవరిలో యాపిల్ తన సొంత ఎక్స్11 బీటాను విడుదల చేయడంతో ఈ దారి సులువైంది, ఓపెన్‌ఆఫీస్ మొదటగా మ్యాక్ యూజర్లకు చేరింది ఈ రూపంలోనే.

దీని బలం తక్కువది కాదు. కొత్తగా రాయాల్సిన కోడ్ తక్కువ. లైనక్స్‌లో ఒక బగ్ సరిచేస్తే ఇక్కడా సరి అయిపోతుంది. ఇద్దరు ముగ్గురు వాలంటీర్లతోనే బండి నడుస్తుంది. ఫైళ్లు తెరుచుకుంటాయి, సేవ్ అవుతాయి, లెక్కలు సరిగ్గా వస్తాయి.

కానీ రోజూ వాడేవాడి బాధ వేరు. మెనూ స్క్రీన్ పైభాగాన ఉండాల్సింది విండో లోపల ఉంటుంది. మిగతా అన్ని ప్రోగ్రామ్‌లలో కమాండ్ కీతో చేసే కాపీని ఇక్కడ కంట్రోల్‌తో చేయాలి. సిస్టమ్‌లో ఉన్న ఫాంట్లు వాటంతట అవి కనిపించవు. ప్రింట్ డైలాగ్ వేరు, ఫైల్ డైలాగ్ వేరు. ఇవన్నీ చికాకులే గానీ ఓపికగా అలవాటు చేసుకోవచ్చు. అలవాటు చేసుకోలేనివి రెండున్నాయి. సిస్టమ్ ఇచ్చే ఇన్‌పుట్ మెథడ్‌లు (కీలను వేరే భాషల అక్షరాలుగా మార్చేవి) ఎక్స్11 విండో లోపలికి సరిగ్గా చేరవు, అంటే ఇంగ్లిష్ కాని భాషలో టైప్ చేసేవాడికి తలుపు మూసినట్టే. మ్యాక్‌లోని వాయిస్‌ఓవర్ లాంటి స్క్రీన్ రీడర్‌కి ఆ విండోలో ఉన్నది ఒక బొమ్మ మాత్రమే, చదవడానికి అక్షరం దొరకదు. ఈ రెండు లోపాలున్న ఆఫీస్ సూట్‌ను "అందరి కోసం" అనడం నాకు ఒప్పుగా అనిపించదు.

రెండో దారి: విడిగా వెళ్లి వంతెన కట్టడం

ఎక్స్11 తో విసిగినవాళ్లకు నియోఆఫీస్ ఊరటగా వచ్చింది. ప్యాట్రిక్ లూబీ, ఎడ్ పీటర్లిన్ ఓపెన్‌ఆఫీస్ కోడ్ తీసుకుని, వీసీఎల్ అడుగు భాగాన్ని జావాతో రాశారు. ఆ రోజుల్లో మ్యాక్‌లో జావా సిస్టమ్‌తో పాటే వచ్చేది, యాపిల్ స్వయంగా చూసుకునేది. జావా ద్వారా గీస్తే మ్యాక్ ఫాంట్లు, ప్రింటింగ్, క్లిప్‌బోర్డ్, ఇన్‌పుట్ మెథడ్‌లు అన్నీ అందుబాటులోకి వస్తాయి. అంత పనినీ సున్నా నుంచి రాయక్కర్లేదు. చాలా తెలివైన ఎంపిక. 2005లో నియోఆఫీస్ 1.1 వచ్చేసరికి ఎక్స్11 అవసరం లేకుండా నిజంగా పని చేసుకోగల ఆఫీస్ మ్యాక్ యూజర్ల చేతిలో ఉంది. ఓపెన్‌ఆఫీస్ సొంత నేటివ్ వెర్షన్ రావడానికి ఇంకో మూడేళ్లు పట్టింది. ఆ మూడేళ్లు ఎంతోమందికి పని జరిగింది ఇద్దరు మనుషుల పట్టుదల వల్లే. ఆ మాట గౌరవంగా చెప్పుకోవాలి.

మరి లోటు ఎక్కడ? ప్రధాన ప్రాజెక్టు ప్రతి కొత్త వెర్షన్ విడుదల చేసినప్పుడల్లా ఆ మార్పులన్నీ తమ కోడ్‌లోకి తెచ్చుకుని, తమ మార్పులతో కలిపి, మళ్లీ పరీక్షించాలి. లక్షల లైన్ల కోడ్‌తో ఈ పని ఎప్పటికీ తీరదు. పైగా లైసెన్స్ చిక్కు. ఓపెన్‌ఆఫీస్ ఎల్‌జీపీఎల్ అనే కాస్త సడలింపులున్న ఓపెన్ సోర్స్ లైసెన్స్ కింద ఉండేది, అందులోకి కోడ్ ఇవ్వాలంటే కాపీరైట్‌ను సన్‌తో పంచుకునే ఒప్పందం మీద సంతకం పెట్టాలి. నియోఆఫీస్ అంతకన్నా కఠినమైన జీపీఎల్ లైసెన్స్‌ను ఎంచుకుంది. ఓపెన్‌ఆఫీస్ కోడ్ నియోఆఫీస్‌లోకి రాగలదు, నియోఆఫీస్ కోడ్ వెనక్కి వెళ్లలేదు. ఒకే సమస్యను రెండు బృందాలు వేర్వేరుగా పరిష్కరించుకోవాల్సి వచ్చింది. తప్పు ఫలానావాళ్లదని అనలేను. ఎవరి కారణాలు వాళ్లవి. కానీ పోర్టు మొదలుపెట్టే ముందే లైసెన్స్ గురించి మాట్లాడుకోవాలని ఈ అనుభవం గట్టిగా చెబుతోంది.

మూడో దారి: ప్రాజెక్టు లోపలే నేటివ్ పోర్టు

ఓపెన్‌ఆఫీస్ లోపలే కొందరు వాలంటీర్లు ఆక్వా (మ్యాక్ సొంత ఇంటర్‌ఫేస్) పోర్టు పని చేస్తూ వచ్చారు. చాలాకాలం నత్తనడకే. 2007 మే నెలలో సన్ తన ఇంజినీర్లను ఆ పనిలో పెడతానని ప్రకటించాక వేగం వచ్చింది. 2008 అక్టోబర్ 13న వచ్చిన 3.0 వెర్షన్ ఎక్స్11 లేకుండా మ్యాక్ మీద నడిచింది. కోడ్ తెరిచిన రోజు నుంచి లెక్కేస్తే సరిగ్గా ఎనిమిదేళ్లు.

అంత ఆలస్యాన్ని నేనెందుకు సమర్థిస్తున్నానంటే, ఆ తర్వాత జరిగింది చూడండి. యాపిల్ 2010లో తన జావాను పక్కన పెడుతున్నట్టు చెప్పింది, 2011 వెర్షన్ నుంచి అది ముందుగా ఇన్‌స్టాల్ అయి రావడం మానేసింది. 2012లో ఎక్స్11 ను కూడా సిస్టమ్ నుంచి తీసేసింది, కావాలంటే ఎక్స్‌క్వార్ట్జ్ అనే ఎక్స్11 సర్వర్‌ను విడిగా తెచ్చుకోవాలి. అంటే మొదటి రెండు దారులు నిలబడిన నేల రెండూ జరిగిపోయాయి. సిస్టమ్ తయారుచేసేవాళ్లు తమ సొంత ప్రోగ్రామ్‌లకు వాడే పొర మీదే ఆధారపడితే, దాన్ని అంత తేలిగ్గా తీసేయలేరు. మ్యాక్‌లో అది కోకో. అక్కడ కూడా జాగ్రత్త అవసరమే: కార్బన్ అనే పాత పొరకు 64 బిట్ ఇంటర్‌ఫేస్ ఇవ్వబోమని యాపిల్ 2007లో చెప్పింది, 2019 కాటలీనాతో 32 బిట్ ప్రోగ్రామ్‌లన్నీ ఆగిపోయాయి.

ఇంకో లాభం వారసత్వం. 2010 సెప్టెంబర్‌లో ది డాక్యుమెంట్ ఫౌండేషన్ ఏర్పడి, ఓపెన్‌ఆఫీస్ కోడ్ నుంచే లిబ్రేఆఫీస్ మొదలైనప్పుడు, మ్యాక్ పోర్టు దానితో పాటే వచ్చేసింది. ఎవరూ మళ్లీ మొదలుపెట్టలేదు. 64 బిట్‌కి మారినా, యాపిల్ సొంత ప్రాసెసర్లు వచ్చినా, అదే కోడ్‌ను సరిదిద్దుకుంటూ వచ్చారు.

చిన్న సిస్టమ్‌ల మాట

యూజర్లు కొద్దిమందే ఉన్న సిస్టమ్‌కి ఇదే సలహా ఇస్తే అన్యాయం. ఎనిమిదేళ్లు ఆగే బలం వాళ్లకు ఉండదు. హైకూ అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్లు చేసింది నాకు నచ్చింది: క్యూటీ టూల్‌కిట్ (బటన్లు, మెనూలు గీసిపెట్టే ఉమ్మడి కోడ్) తమ సిస్టమ్ మీద అప్పటికే నడుస్తోంది, లిబ్రేఆఫీస్‌కి క్యూటీ అడుగు భాగం ఉంది, ఆ రెండింటినీ కలిపి ఆఫీస్ సూట్ తెచ్చుకున్నారు. పూర్తి నేటివ్ అనలేం, కానీ ఎక్స్11 కంటే ఎంతో దగ్గర. ఒక టూల్‌కిట్‌ను బాగా పోర్టు చేస్తే దాని మీద నడిచే పదుల ప్రోగ్రామ్‌లు కలిసొస్తాయి.

ఓఎస్/2 అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఓపెన్‌ఆఫీస్ 1.1 ను విండోస్ కాల్స్‌ను అనువదించే పొర సాయంతో నడిపారు. తర్వాత నేటివ్ పోర్టుకి మారారు. పరాయి సిస్టమ్‌ను అనుకరించడం అవసరానికి పనికొస్తుంది, అంతకుమించి ఆశపడకూడదు.

ఇక్కడే అబీవర్డ్ అనే ఓపెన్ సోర్స్ వర్డ్ ప్రాసెసర్ గురించి చెప్పకపోతే నా వాదన అసంపూర్ణం. అది మొదటి నుంచీ ప్రతి సిస్టమ్‌కీ విడి నేటివ్ ముఖం పెట్టుకున్న ప్రాజెక్టు: విండోస్, లైనక్స్ (జీటీకే టూల్‌కిట్‌తో), మ్యాక్ (కోకోతో), బీఓఎస్, క్యూఎన్ఎక్స్. అన్నీ ప్రాజెక్టు లోపలే. రూపంలో ఎంత ముచ్చటగా ఉన్నా, ఒక్కో ముఖాన్ని చూసుకునేవాళ్లు తగ్గేసరికి జీటీకే ముఖం తప్ప మిగతావి ఒక్కొక్కటీ ఆగిపోయాయి. స్థిరమైన విండోస్ వెర్షన్ కూడా 2.8.6 దగ్గరే నిలిచిపోయింది. అంతమంది యూజర్లున్న విండోస్‌కే మనుషులు దొరకలేదంటే, "లోపలే నేటివ్" అన్నది దానంతట అది రక్షించదని ఒప్పుకోవాలి. మ్యాక్ పోర్టు నిలబడింది డిజైన్ వల్ల మాత్రమే కాదు, జీతం తీసుకుని ఆ పని చేసే ఇంజినీర్లు ఉండడం వల్ల కూడా.

ఏది నేటివ్, ఏది ఉమ్మడి

అందుకే నేటివ్‌గా రాయాల్సిన భాగాన్ని వీలైనంత చిన్నదిగా ఉంచాలంటాను. మనిషి చేతికి, చెవికి, కంటికి నేరుగా తగిలేవి నేటివ్‌గా ఉండాలి: టైపింగ్, మెనూలు, షార్ట్‌కట్‌లు, ఫైల్ డైలాగులు, ప్రింటింగ్, స్క్రీన్ రీడర్. కాగితం మీద పడే అక్షరాల అమరిక మాత్రం ఉమ్మడిగా ఉండాలి.

దీనికి రుజువు మన లిపిలోనే ఉంది. లిబ్రేఆఫీస్‌లో చాలాకాలం అక్షరాలను పేర్చే ఇంజిన్ ఒక్కో సిస్టమ్‌కి ఒక్కోటి: విండోస్‌లో యూనిస్క్రైబ్, మ్యాక్‌లో కోర్ టెక్స్ట్, లైనక్స్‌లో హార్ఫ్‌బజ్. నేటివ్ అంటే ఇదే కదా అనిపిస్తుంది. కానీ తెలుగు లాంటి లిపిలో వత్తు ఎక్కడ కూర్చోవాలి, గుణింతం ఎలా కలవాలి అన్నది ఆ ఇంజినే తేలుస్తుంది. ఒక్కో ఇంజిన్ ఒక్కోలా పేరిస్తే అదే ఫాంటుతో, అదే ఫైల్‌లో లైన్ వేరే చోట విరుగుతుంది, పేజీల లెక్క మారుతుంది. ఒక సిస్టమ్‌లో సరిగ్గా వచ్చిన "స్త్రీ" మరోదానిలో విడిపోయి కనబడితే తప్పు ఎక్కడుందో వెతకడానికి మూడు చోట్ల చూడాలి. 2017 ఫిబ్రవరిలో వచ్చిన 5.3 వెర్షన్‌తో అన్ని సిస్టమ్‌లకూ హార్ఫ్‌బజ్ ఒక్కటే అయింది. ఒకచోట సరిచేస్తే అన్నిచోట్లా సరి. తెలుగులో రాసేవాళ్లకు కొత్త బటన్ల రూపు కంటే ఈ మార్పు వంద రెట్లు విలువైనదని నా నమ్మకం.

ఇప్పుడు ఎవరైనా కొత్త డెస్క్‌టాప్‌కి ఆఫీస్ సూట్ తీసుకెళ్లాలనుకుంటే నేను చెప్పే వరస ఇది. మొదటి అడుగుగా ఉన్న పొర మీదే నడిపించండి, కోర్ కోడ్ అక్కడ కంపైల్ అవుతుందని రుజువవుతుంది, బగ్‌లు బయటపడతాయి. దాన్ని తుది విడుదలగా చూపించకండి. టూల్‌కిట్ ఉంటే వెంటనే దాని మీదికి మారండి. మార్పులను ఏ వారానికావారం ప్రధాన ప్రాజెక్టుకే పంపండి. నేటివ్ పని మొదలుపెట్టగానే రంగులు, ఐకాన్ల జోలికి వెళ్లకుండా ముందు ఇన్‌పుట్ మెథడ్, ఆ వెంటనే స్క్రీన్ రీడర్ పట్టుకోండి. ఈ రెండింటినీ తర్వాత అతికించడం చాలా కష్టం, ఎందుకంటే కర్సర్ ఎక్కడుంది, ఏ అక్షరం ఇంకా పూర్తి కాలేదు, ఏ పేరా ఎంపికైంది అన్న సమాచారం అడుగు పొర నుంచి పై దాకా ప్రవహించాలి.