ఇగ్నో బి.ఏ.: కూలి చేసుకునే తల్లులకు సరిపోతుందా? పలాస నుంచి నా రివ్యూ

ఇగ్నో అంటే ఇందిరా గాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం, ఇంటి దగ్గరే ఉండి చదువుకునే దూరవిద్య. దాని బి.ఏ.కి ఐదుకి నాలుగు మార్కులు వేస్తున్నాను. బియ్యం కార్డు, పింఛను, ఎదిగే పిల్లలు, ఎప్పుడో మధ్యలో ఆగిన చదువు... ఇవి మీ ఇంట్లోనూ ఉంటే ఈ రివ్యూ మీకోసమే రాశాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ప్రాంతం. పలాసలో జీడి ఫ్యాక్టరీలో పప్పు పొట్టు తీస్తాను, కిలో లెక్కన కూలి. మా ఆయన కిడ్నీ జబ్బుతో పోయారు. మా వైపు ఏ ఊరెళ్ళినా ఇలాంటి ఇళ్ళు కనిపిస్తాయి. వితంతు పింఛను నెలకు 4,000 వస్తుంది. పెళ్ళికి ముందు పదో తరగతి పాసయ్యాను. పిల్లలు పుట్టాక ఓపెన్ స్కూల్లో ఇంటర్ కట్టి పాసయ్యాను, 2020లో ఇగ్నోలో బి.ఏ. చేరాను, 2025లో పట్టా చేతికొచ్చింది.

నాకు అన్నిటికన్నా మేలు చేసింది గడువు. కోర్సు మూడేళ్ళదే, కానీ ఆరేళ్ళలోపు ఎప్పుడు పూర్తి చేసినా ఒప్పుకుంటారు. పరీక్షలు ఏటా జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి. ఓపిక ఉన్నన్ని పేపర్లకే ఫీజు కట్టి రాసుకోవచ్చు, పాసైన పేపరు మళ్ళీ రాయక్కర్లేదు. మా చిన్నోడికి టైఫాయిడ్ వచ్చిన డిసెంబరులో నేను ఒక్క పేపరూ రాయలేదు. రోజూ హాజరు వేసే కాలేజీలో అయితే ఆ ఏడాది అక్కడితో పోయేది. ఇక్కడ ఆ పేపర్లు జూన్‌లో రాశాను. ఇంట్లో ఎప్పుడు ఎవరికి ఏం వస్తుందో తెలియని మాలాంటివాళ్ళకు ఫీజు తగ్గింపు కన్నా ఇదే పెద్ద సాయం.

మార్కుల్లో 30 శాతం అసైన్‌మెంట్లకి, 70 శాతం పరీక్షకి. అసైన్‌మెంట్లు ఇంట్లో కూర్చుని చేత్తో రాసి స్టడీ సెంటర్లో ఇవ్వాలి. వీటి జవాబులు రెడీమేడ్‌గా అమ్ముతారు, చాలామంది కొని చూసి దింపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. పొలిటికల్ సైన్స్‌లో పంచాయతీల గురించీ, వాటిలో ఆడవాళ్ళకు సీట్లు కేటాయించిన 73వ రాజ్యాంగ సవరణ గురించీ రాయాల్సి వచ్చినప్పుడు నేను పుస్తకం మూసి, మా ఊరి గ్రామసభ ఎలా జరుగుతుందో, అందులో ఆడవాళ్ళు ఎక్కడ కూర్చుంటారో, సర్పంచి కుర్చీలో ఎవరుంటారో, మాట ఎవరిది నడుస్తుందో తలుచుకుని రాశాను. ఆ అసైన్‌మెంటుకి మంచి మార్కులొచ్చాయి. ఇన్నాళ్ళూ కళ్ళెదుట చూస్తున్నది కూడా చదువులో భాగమేనని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది.

కష్టం భాష దగ్గర. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. బి.ఏ. ఇంగ్లీషు మీడియంలో తీసుకున్నాను, మొదటి ఏడాది పుస్తకం తెరిస్తే తల తిరిగేది. నాకు పనికొచ్చిన దారి చెబుతాను. ముందు తెలుగు అకాడమీ ఇంటర్ సివిక్స్, చరిత్ర పుస్తకాల్లో ఆ పాఠం చదివేదాన్ని. సంగతి అర్థమయ్యాక ఇగ్నో పుస్తకం తీసేదాన్ని. మా పాప పైకి చదివేది, నేను వింటూ చిన్న చిన్న వాక్యాలుగా రాసుకునేదాన్ని. డిజిటల్ పుస్తకాలు చాలంటే ఫీజులో 15 శాతం తగ్గిస్తారు, కానీ ఇంట్లో ఒక్క ఫోనే ఉంటే అచ్చు పుస్తకాలే తెప్పించుకోండి. ఫోను సాయంత్రానికి పిల్లల చేతిలో ఉంటుంది.

దూరవిద్య డిగ్రీకి విలువుందా అని ఫ్యాక్టరీలో ఇప్పటికీ అడుగుతారు. ఉంది. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమేనని యూనివర్సిటీలను పర్యవేక్షించే కేంద్ర సంస్థ యూజీసీ 2022లో మళ్ళీ స్పష్టంగా చెప్పింది. ఏదైనా డిగ్రీ ఉంటే చాలన్న ఉద్యోగాలకు మనమూ దరఖాస్తు పెట్టుకోవచ్చు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది కూడా 1982లో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే. దాని తొలి వీసీ (వైస్ ఛాన్సలర్) జి. రాంరెడ్డి గారే 1985లో ఇగ్నో పెట్టినప్పుడు దానికీ తొలి వీసీ అయ్యారు.

ఇక తగ్గించిన ఆ ఒక్క మార్కు. అందులో తప్పంతా యూనివర్సిటీది కాదు. ఫీజు ఏడాదికోసారి ఒకేసారి కట్టాలి. నేను ప్రతిసారీ డ్వాక్రా సంఘంలో అప్పు తీసుకుని కట్టాను. ఫీజు రీయింబర్స్‌మెంట్ దూరవిద్యకు వర్తించదు. పిల్లల్ని బడికి పంపినందుకు తల్లికి వందనం డబ్బు నా ఖాతాలోనే పడింది, అందుకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. కానీ అదే తల్లి పుస్తకం పడితే ఆమె పేరు మీద ఒక్క రూపాయి రాదు. తల్లి చదువుకుంటే ఆ ఇంట్లో పిల్లలు బడి మానరని అధికారులకు తెలియదా? పింఛను తీసుకునే ఆడమనిషి డిగ్రీ కడితే ఆ ఫీజైనా ప్రభుత్వం కట్టాలని నేను గట్టిగా అడుగుతున్నాను.

రెండోది పిల్లల్ని చూసేవాళ్ళు. పరీక్షకి శ్రీకాకుళం వెళ్ళాలి. పొద్దున్నే పలాసలో రైలెక్కి, ఆమదాలవలసలో శ్రీకాకుళం రోడ్ స్టేషన్లో దిగి, మళ్ళీ ఆటో పట్టుకోవాలి. రెండు పూటలా పేపర్లుంటే ఇంటికొచ్చేసరికి రాత్రే. మా అత్త "పిల్లలకి నాను అన్నం ఎట్టీస్తాను, నువ్వు ఎల్లి రాసీసి రా" అనబట్టి నేను పాసయ్యాను. అలాంటి అత్త లేనివాళ్ళు చంకలో బిడ్డతో వచ్చి, తోడొచ్చిన తమ్ముడి చేతికిచ్చి హాల్లోకి వెళ్ళడం చూశాను. పరీక్ష జరిగే చోట ఒక గది, ఒక ఆయమ్మ ఉంటే చాలు. అంగన్‌వాడీలు నడిపే రాష్ట్రానికి ఇది పెద్ద ఖర్చు కాదు.

ప్రయాణం మాత్రం ఇప్పుడు తేలికైంది. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ చూపిస్తే చాలు. స్టడీ సెంటర్లో జరిగే ఆదివారం క్లాసులు తప్పనిసరి కాకపోయినా వీలైనప్పుడల్లా వెళ్ళండి. అక్కడ మనలాంటి ఇంకో నలుగురు కనిపిస్తారు, ఫోను నంబర్లు తీసుకుంటే పరీక్ష ఫారం తేదీలు ఎవరో ఒకరు గుర్తు చేస్తారు.

చేరాలనుకుంటే జనవరిలోనో జూలైలోనో అడ్మిషన్లు ఉంటాయి. దానికన్నా ముందే చూసుకోవాల్సింది ఇంటిపేరు. పదో తరగతి సర్టిఫికెట్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటిది ఉంటుంది చాలామందికి. ఇప్పుడు దూరవిద్యలో చేరాలంటే ఏబీసీ ఐడీ (మన క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), డెబ్ ఐడీ (యూజీసీ దూరవిద్య విభాగం ఇచ్చే నంబరు) తీసుకోవాలి, అవి ఆధార్ వివరాల మీదే వస్తాయి. పేర్లు కలవకపోతే దరఖాస్తు దగ్గరే ఆగిపోతారు. ఇంకా టైముండగానే ఆధార్ సెంటర్‌కి వెళ్ళి పేర్లు కలిసేలా చూసుకోండి.