మిర్చి ధర తెలుసుకోవాలంటే వాట్సాపా, పేపరా? ఏది మేలు?

ఫిబ్రవరి, మార్చి వస్తే వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి పోటెత్తుతుంది. ములుగు, భూపాలపల్లి, పరకాల దిక్కు రైతులు బస్తాలు ఎత్తే ముందు రేటు ఎట్లుందో ఆరా తీస్తారు. అంతలోనే వాట్సాప్‌లో మెసేజ్ తిరుగుతుంది: ‘తేజ రకం మిర్చికి రికార్డు ధర’.

ఆ మెసేజ్ చాలాసార్లు అబద్ధం కాదు. అసలు తిప్పలు అక్కడే. అందులో ఉండేది జెండా పాట, అంటే నాణ్యమైన సరుకుకు ఆ పొద్దు పలికిన పైధర. మిగతా రాశులకు తేమ, రంగు, తాలు (రంగు పోయిన నాసిరకం కాయ) చూసి తగ్గిస్తారు. ఒక్క రాశి ధరను యార్డు మొత్తానికి అంటగట్టడం కూడా తప్పుడు వార్తే. కిరాయి బండి మాట్లాడుకుని వచ్చిన కౌలురైతుకు ఆ తేడా అప్పుగా మిగులుతుంది.

వాట్సాప్‌ను మొత్తానికే కొట్టిపారేయను. యార్డులో నిలబడ్డ మనూరి మనిషి తన తక్‌పట్టీ (సరుకు తూకం, ధర రాసిచ్చే చీటీ) ఫొటో పెడితే అంతకన్నా తాజా సాక్ష్యం లేదు. మెసేజ్ మీద రెండు బాణాల గుర్తు ఉంటే మాత్రం అది కనీసం అయిదు చేతులు మారి వచ్చినట్టు. మొదట రాసిందెవరో తెలియదు, నిరుడు వీడియోనో ఈ యేటిదో తేలదు. టీవీ స్క్రోలింగ్‌లోనూ జెండా పాట ఒక్కటే పరుగెత్తుతుంది.

పేపర్ ఒకరోజు ఆలస్యం. కానీ ధరల పట్టికలో గరిష్ఠంతో పాటు కనిష్ఠం కూడా ఉంటుంది. మన సరుకు ఆ రెండింటి నడుమ ఎక్కడ నిలుస్తుందో అంచనా కట్టొచ్చు. పైగా ఎడిటర్, ప్రింటర్, పబ్లిషర్ ఎవరో పేపర్ మీదే అచ్చవుతుంది. ప్రింటర్, పబ్లిషర్ పేర్లు వేయాలన్నది 1867 చట్టం నాటి నుంచీ ఉన్న నియమం. తప్పు రాస్తే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు.

పట్టికను నమ్మినంతగా హెడ్డింగును నమ్మొద్దు. ఒకే రోజు, ఒకే యార్డు: సర్కారు వైపు పత్రిక జెండా పాటను ఎత్తుకుంటుంది, ఎదుటి వైపుది కనిష్ఠ ధర పట్టుకుని ‘మిర్చి రైతు గోస’ అంటుంది. రెండూ నిజమే, రెండూ సగమే. వెలుగు పత్రిక చెన్నూరు కాంగ్రెస్ ఎమ్మెల్యే వివేక్ కుటుంబానిది, నమస్తే తెలంగాణ బీఆర్‌ఎస్‌కు దగ్గరిది. ఈ సంగతి తెలిసి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఎవరు ఏది దాచారో కనబడుతుంది.

నన్నడిగితే పేపరే మేలు, అదీ రెండు పేపర్లు. బండి కదిలే పొద్దున మాత్రం అడ్తిదారుకు (సరుకు అమ్మిపెట్టే కమీషన్ ఏజెంటుకు) ఫోన్ చేసి, జెండా పాట కాకుండా నిన్న ఎక్కువ రాశులు ఏ ధరకు పోయాయో అడగండి.