కొత్తగా డ్రమ్స్ నేర్చుకునేవారికి ఏది మేలు: ఆక్టోప్యాడా, రబ్బరు కిట్టా, మెష్ కిట్టా?

నల్లగొండలో గానీ, మహబూబ్‌నగర్‌లో గానీ డ్రమ్స్ మీద మనసు పడిన పిల్లలకు మొదట కనిపించేది డ్రమ్ సెట్ కాదు, ఆక్టోప్యాడ్. పెళ్లి రిసెప్షన్‌లో పాడే ఆర్కెస్ట్రాలోనూ, ఆదివారం చర్చిలోనూ, వినాయక మండపం దగ్గరా స్టాండు మీద బిగించిన ఆ ఎనిమిది గడుల పెట్టెనే ఎవరో ఒకరు రెండు కర్రలతో వాయిస్తూ ఉంటారు. అందువల్ల ఎలక్ట్రానిక్ డ్రమ్స్ కొనాలనుకునే మన ప్రాంతపు కుటుంబం ముందు నిజానికి మూడు దారులు ఉన్నాయి: ఆక్టోప్యాడ్, రబ్బరు ప్యాడ్ల కిట్, మెష్ (వలలా అల్లిన ముఖం ఉన్న) ప్యాడ్ల కిట్. కిట్ అంటే డ్రమ్ సెట్‌లాగే అమర్చిన ఎలక్ట్రానిక్ ప్యాడ్ల సముదాయం. నేను ఈ మూడింటి మీదా సాధన చేశాను. ఏది ముందు, ఏది తరువాత అన్న వరుస తప్పడం వల్ల దాదాపు రెండేళ్ల శ్రమను మళ్లీ మొదటి నుంచి చేయవలసి వచ్చింది. మరొకరికి అలా జరగకూడదనే ఈ పోలిక రాస్తున్నాను.

అసలు డ్రమ్ సెట్‌ను ఈ పోలికలో చేర్చడం లేదు. దాని దగ్గర శబ్దం 100 డెసిబెల్స్‌ను సులువుగా దాటుతుంది. గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లలో, అద్దెకు తీసుకున్న పోర్షన్లలో దానిపై రోజూ గంటసేపు సాధన చేయడం సాధ్యమయ్యే పని కాదు.

ఆక్టోప్యాడ్ గుణాలను తక్కువ చేసి చెప్పడం నాకు ఇష్టం లేదు. రోలాండ్ సంస్థ 1985లో ప్యాడ్-8 అనే నమూనాతో ఆ పేరును తెచ్చింది. 2010లో వచ్చిన ఎస్‌పీడీ-30 ఈనాటికీ మన వేదికల మీద కనిపిస్తుంది. తబలా, ఢోలక్ వంటి మన వాద్యాల ధ్వనులు అందులో పలుకుతాయి, ఒక సంచిలో పట్టుకుని దేవరకొండ నుంచి మిర్యాలగూడకు బైకు మీద వెళ్లి కచేరీ చేసి రావచ్చు. కానీ నేర్చుకునేవాడి కోణంలో చూస్తే దానికి ఒక పెద్ద లోపం ఉంది: కాలికి పని ఉండదు. డ్రమ్ సెట్‌లో కుడికాలు మోగించవలసిన కిక్‌ను (నేల మీది పెద్ద డ్రమ్), ఎడమకాలు తెరిచి మూయవలసిన హైహ్యాట్‌ను (ఒకదానిపై ఒకటి ఉండే జంట సింబల్స్) ఆక్టోప్యాడ్ మీద చేతులే పలికిస్తాయి. రెండేళ్లు ఇలా వాయించిన తరువాత నేను మొదటిసారి అసలు డ్రమ్ సెట్ ముందు కూర్చున్నప్పుడు, నా చేతులు ఎంత వేగంగా కదిలినా కాలు మాత్రం చేతితో పాటే దిగుతోంది తప్ప, తన లెక్క తాను వేసుకోలేకపోయింది. ఎస్‌పీడీ-30కి కిక్, హైహ్యాట్ పెడళ్లను విడిగా తగిలించుకునే సౌకర్యం ఉన్న మాట నిజమే గాని, వాటిని కొని కలుపుకొనేసరికి ఖర్చు ఇంకా పెరుగుతుంది. కాబట్టి లక్ష్యం ఆర్కెస్ట్రాలో వాయించడమే అయితే ఆక్టోప్యాడ్ సరైన ఎంపిక. డ్రమ్స్ నేర్చుకోవడం లక్ష్యమైతే అది రెండవ వాద్యంగా ఉండాలి, మొదటిదిగా కాదు.

ఇక కిట్‌ల సంగతికి వస్తే, కొనేవారందరూ ఎన్ని ధ్వనులు ఉన్నాయని అడుగుతారు; నేనైతే కాలి కింద ఏముందని మొదట అడగమంటాను. దీనికి యమహా వారి డీటీఎక్స్402 వరుస చక్కని ఉదాహరణ. 402కే, 432కే, 452కే అనే మూడు కిట్‌లలోనూ ధ్వనులనిచ్చే మాడ్యూల్ ఒక్కటే. అయితే 402కేలో కిక్‌కు బీటరు (డ్రమ్‌ను కొట్టే సుత్తి వంటి భాగం) లేని పెడల్ మాత్రమే ఉంటుంది. 432కే నుంచి నిలువుగా నిలబడే కిక్ ప్యాడ్, దాన్ని కొట్టే బీటరు ఉన్న పెడల్ వస్తాయి. 452కేలో దానికి తోడు మూడు భాగాలుగా పలికే స్నేర్ (వాయించేవారి ముందు ఉండే ప్రధానమైన చిన్న డ్రమ్) ప్యాడ్ ఉంటుంది. ధ్వనులు ఒకటే అయినప్పుడు ఎక్కువ ధర ఎందుకని అనిపించవచ్చు. బీటరు లేని పెడల్ ఒక మీట వంటిది. బీటరు తగిలి వెనక్కి వచ్చే బరువును పాదం గ్రహించి, ఆ వెనుదిరిగే ఊపుతోనే రెండవ దెబ్బ వేయడం అసలు పెడల్ మీదనే అలవడుతుంది. ఆ అలవాటు ఆలస్యమైతే ఎంత కష్టమో నాకు బాగా తెలుసు.

ఇప్పుడు చేతుల కింది సంగతి. 1981లో సిమన్స్ సంస్థ తెచ్చిన ఆరు భుజాల ఆకారపు ఎలక్ట్రానిక్ డ్రమ్స్‌కు పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ ముఖం ఉండేది. దాని మీద వాయించినవారికి మణికట్లు నొప్పి పుట్టేవి. ఆ నొప్పిని తగ్గించడానికి రబ్బరు వచ్చింది. 1997లో రోలాండ్ తన వి-డ్రమ్స్‌లో, టీడీ-10 మాడ్యూల్‌తో పాటు, వలలా అల్లిన మెష్ ముఖాన్ని తెచ్చింది. రబ్బరు ప్యాడ్ చవక, మొండిది, ఏళ్ల తరబడి సర్దుబాటు అవసరం లేకుండా పనిచేస్తుంది. అయితే దాని మీద పడిన ప్రతి దెబ్బలో కొంత మణికట్టుకు తిరిగి వస్తుంది, పైగా టపటపమనే చప్పుడు గదంతా వినిపిస్తుంది. మెష్ మీద కర్ర మెత్తగా దిగి పైకి లేస్తుంది, చప్పుడు చాలా తక్కువ, తాళంచెవితో బిగువు మార్చుకోవచ్చు. మెష్‌కూ ఒక దోషం ఉందని చెప్పకపోతే అన్యాయమవుతుంది: అది అసలు డ్రమ్ కంటే కర్రను ఎక్కువగా ఎగరేస్తుంది. అందువల్ల జంట దెబ్బలు (ఒకే చేత్తో వెంటవెంటనే వేసే రెండు దెబ్బలు) ఇంట్లో సులువుగా పలికి, అసలు స్నేర్ మీద చప్పబడతాయి. దీనికి విరుగుడుగా వారానికి రెండు మూడు రోజులు ఒక గట్టి దిండు మీద అవే దెబ్బలు సాధన చేయాలి.

డప్పు వాయించే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలకు నేను మరింత గట్టిగా మెష్‌నే సూచిస్తాను. కుడిచేతి చిర్రతో నిండుగా, ఎడమచేతి చిటికెన పుల్లతో సన్నగా పలికించడం, మంట దగ్గర కాచి తోలు బిగువును చెవితో పట్టుకోవడం, నడుమ కొడితే ఒక నాదం, అంచున కొడితే మరొక నాదం అని తెలిసి ఉండటం వారికి ముందే ఉన్న సంపద. గట్టి రబ్బరు ముఖం మీద ఆ తేడాలలో సగం చేతికి అందవు. మెష్ స్నేర్‌లో ముఖం, అంచు విడివిడిగా పలికే రెండు భాగాల ఏర్పాటు ఉంటే వారి చేయి తన భాషలోనే మాట్లాడగలుగుతుంది; అప్పుడు కొత్తగా నేర్పవలసింది కాళ్లకు మాత్రమే.

బడ్జెట్ తక్కువైతే అన్నీ మెష్ కావాలని పట్టుబట్టనక్కరలేదు. సాధనలో అధిక భాగం స్నేర్ మీదనే జరుగుతుంది కనుక స్నేర్ మెష్, టామ్‌లు (స్నేర్ చుట్టూ ఉండే మిగతా డ్రమ్స్) రబ్బరు ఉన్న రోలాండ్ టీడీ-02కేవీ వంటి మధ్యేమార్గం కూడా ఉంది. అలెసిస్ నైట్రో మ్యాక్స్‌లో 10 అంగుళాల మెష్ స్నేర్, 8 అంగుళాల మెష్ టామ్‌లు, కిక్ టవర్ (నిలువుగా నిలబడే కిక్ ప్యాడ్) కలిసి వస్తాయి. ఆరంభకులకు మొత్తంగా ఆ కూర్పు నాకు నచ్చింది.

మేడమీద అద్దెకున్నవారు మరొక సంగతి గమనించాలి. హెడ్‌ఫోన్ పెట్టుకున్నాను గదా అని నేను నిశ్చింతగా ఉంటే, వారం తిరగకుండా కింది పోర్షన్ పెద్దమ్మ మెట్లెక్కి వచ్చి, "ఏంది బిడ్డా, పొద్దుగూకంగనే మా నెత్తి మీద ఏం దంచుతున్నవ్?" అని అడిగింది. ఆమెకు వినిపించింది గాలిలో వచ్చే శబ్దం కాదు, కిక్ పెడల్ నుంచి స్లాబులోకి దిగే అదురు. రెండు ప్లైవుడ్ షీట్ల నడుమ, కింది షీటుకు చేసిన గుంటలలో టెన్నిస్ బంతులను కూర్చోబెట్టి, కిట్‌ను ఆ తిన్నె మీదికి ఎక్కించాక ఆ అదురు చాలావరకు తగ్గింది. ఈ ఒక్క విషయంలో మాత్రం బీటరు లేని పెడల్ మేలు. పక్షవాతం వచ్చినవారో, పసిపిల్లలో కింద ఉన్న ఇంట్లో అయితే నేనూ దాన్నే ఎంచుకుంటాను.

బ్లూటూత్ హెడ్‌ఫోన్‌తో వాయించకూడదు. దెబ్బకూ ధ్వనికీ మధ్య వచ్చే ఆలస్యం వల్ల లయ చెడిపోతుంది. చెవులను పూర్తిగా కప్పే వైరు హెడ్‌ఫోన్ కొనండి. కరెంటు పోయినా భయం లేదు, చిన్న అడాప్టర్‌తో నడిచే ఈ కిట్‌కు ఇంటి ఇన్వర్టర్ చాలు.

కొనేముందు హైదరాబాదు వెళ్లి చేతితో తాకి చూడటం అవసరం. స్నేర్ మీద వేలి బరువుతో సన్నగా కొట్టి ఆ సన్నదనం పలుకుతుందో లేదో, నడుమ నుంచి అంచు దాకా జరుగుతూ కొడితే ధ్వని ఎక్కడైనా హఠాత్తుగా పెద్దదవుతుందో, హైహ్యాట్ పెడల్ సగం నొక్కినప్పుడు సగం మూసిన ధ్వని వస్తుందో, సింబల్ అంచును పట్టుకుంటే నాదం ఆగుతుందో చూడండి. కొన్ని కిట్‌ల పెట్టెలో కిక్ ప్యాడ్ ఉంటుంది గాని పెడల్ ఉండదు. స్టూలు, హెడ్‌ఫోన్, కర్రలు కూడా చాలాసార్లు విడిగానే కొనాలి. డబ్బు చెల్లించకముందే అవన్నీ లెక్క చూసుకోండి, పెడల్ కోసం మళ్లీ 100 కిలోమీటర్లు వెళ్లి రావడం ఒక రోజు పని.