సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనేవాళ్లు జాగ్రత్త: "మన మధ్య బిల్లెందుకు" అన్నవాడే రేపు బిల్లు చూపించమంటాడు

నరసాపురం, పాలకొల్లు, భీమవరం చుట్టుపక్కల పాత సైకిల్ కొనాలనుకుంటున్నవాళ్లు దయచేసి ఇది చదవండి. ఇప్పుడే పోలీస్ స్టేషన్ నుంచి ఇంటికొచ్చాను. అన్నం తినబుద్ధి కాలేదు. రేపటికి కోపం తగ్గితే సగం విషయాలు వదిలేస్తానేమోనని ఇప్పుడే రాస్తున్నాను.

షాపు పేరు రాయను. విచారణ జరుగుతోంది, ఇప్పుడే పేరు బయటపెట్టొద్దని స్టేషన్‌లో చెప్పారు. పాత సైకిళ్లకి రంగులేసి షాపు ముందు వరసగా నిలబెడతాడు, వచ్చినవాళ్లందర్నీ "బావగారూ" అని పిలుస్తాడు. మీలో చాలామందికి ఈపాటికి అర్థమయ్యే ఉంటుంది.

మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం. కాలేజీకి, ట్యూషన్‌కి తిరగడానికి ఆటో ఖర్చు ఎక్కువవుతోందని రెండు నెలల కిందట ఆ షాపుకి వెళ్లాం. గేర్ల సైకిల్, కొత్తదైతే 13,000 దాకా ఉంటుంది. 7,500 చెప్పాడు. బేరమాడి 6,500కి దింపాను. ముందురోజు 500 అడ్వాన్సు ఫోన్‌లో పంపాను. మిగతా 6,000 నగదే కావాలన్నాడు, స్కానర్ పనిచేయట్లేదన్నాడు. ఇచ్చేశాను. బిల్లు రాసివ్వమంటే భుజం మీద చెయ్యేసి, "మన మధ్య బిల్లెందుకు బావగారూ? నేనెక్కడికి పోతాను? ఏ చిన్న రిపేరొచ్చినా తీసుకురండి, ఈ షాపు మీదే అనుకోండి" అన్నాడు.

నేను రైసు మిల్లులో గుమస్తాని. 20 ఏళ్లుగా చీటీ లేకుండా ఒక్క బస్తాని గేటు దాటనివ్వలేదు. అలాంటివాణ్ణి, బావగారూ అన్న ఒక్క పిలుపుకి మెత్తబడి, కాగితం ముక్క లేకుండా సైకిల్ ఇంటికి తెచ్చుకున్నాను. ఈ తప్పు నాదే. దీనికి ఎవర్నీ అనను.

మొన్న బుధవారం సాయంత్రం అమ్మాయి ఫోన్ చేసింది. ఏడుస్తోంది. "నాన్నా, రేవు దగ్గర ఎవరో నా సైకిల్ పట్టుకున్నారు, వదలట్లేదు, త్వరగా రా" అంది. దాని ట్యూషన్ రేవు పక్కనే. నేను వెళ్లేసరికి పంటు (గోదావరి దాటించే పడవ) దిగినవాళ్లంతా చుట్టూ మూగి ఉన్నారు. 18 ఏళ్ల కుర్రాడు హ్యాండిల్ పట్టుకుని నిలబడ్డాడు. అవతల సఖినేటిపల్లి వైపు నుంచి రోజూ పంటు మీద వచ్చి ఇక్కడ డిగ్రీ చదువుకుంటున్నాడట. మా అమ్మాయి పుస్తకాల సంచీ గుండెలకి హత్తుకుని, తల వంచుకుని నిలబడి ఉంది. గుంపులోంచి ఎవరో "ఆడపిల్లలు కూడా మొదలెట్టారా" అన్నారు. ఆ మాట దానికీ వినపడింది.

నేను ముందు ఆ కుర్రాడి మీదే అరిచాను. వాడు మాత్రం గొంతు పెంచలేదు. "అంకుల్, ఒక్కసారి సైకిల్ తిరగేస్తారా, నంబరు చూద్దాం. కలవకపోతే మీ కాళ్లు పట్టుకుని క్షమాపణ చెప్తాను" అన్నాడు.

సీటు, హ్యాండిల్ నేలకి ఆనించి తిరగేశాం. రెండు పెడళ్ల మధ్య ఇరుసు ఉండే గొట్టం అడుగున సైకిల్ ఫ్రేమ్ నంబరు కొట్టి ఉంటుంది. నాకు ఆ సంగతే తెలీదు. అక్కడ దళసరిగా నల్లరంగు పూసి ఉంది. మిగతా ఫ్రేమంతా కంపెనీ రంగు నున్నగా మెరుస్తోంది, ఆ నాలుగు వేళ్ల వెడల్పు మాత్రం బ్రష్ గీతలు కనిపిస్తున్నాయి. కుర్రాడు జేబులోంచి రెండు రూపాయల బిళ్ల తీసి గీకాడు. రంగు పెచ్చులుగా ఊడింది. ఒక్కో అంకె బయటపడుతుంటే ఫోన్‌లో ఫొటో పక్కన పెట్టి పైకి చదివాడు. చివరి రెండు అంకెల మీద ఆకురాయితో రాకిన గీతలున్నాయి, అయినా తెలుస్తున్నాయి. అన్నీ కలిశాయి. తర్వాత సంచీలోంచి తెగిన కేబుల్ తాళం తీశాడు. పైన ప్లాస్టిక్ తొడుగు, లోపల సన్నటి ఇనప తీగలు, తెగిన చోట చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. నాలుగు నెలల కిందట అవతలి రేవులో కమ్మీకి కట్టి పరీక్షకి వెళ్లొస్తే ఇదొక్కటే మిగిలిందట. అప్పట్నుంచీ సంచీలోనే పెట్టుకుని తిరుగుతున్నాడు. వాళ్ల నాన్న కొబ్బరి దింపు పని చేస్తాడు. వాయిదాల మీద కొన్న సైకిల్, అది పోయాక కూడా రెండు వాయిదాలు కట్టాడట.

ఇక నేనేం మాట్లాడతాను?

కుర్రాణ్ణి, వాళ్ల నాన్నని వెంటబెట్టుకుని గురువారం పొద్దున్నే షాపుకి వెళ్లాను. నా డబ్బు నాకిస్తాడు, సైకిల్ వాళ్లకిచ్చేస్తాను, గొడవ సద్దుమణుగుతుంది అనుకున్నాను. నిజంగానే అలా అనుకున్నాను.

షాపువాడు నన్ను దూరం నుంచే చూశాడు. చూసి, తల దించుకుని ఎవరిదో చక్రానికి పుల్లలు బిగించుకుంటున్నాడు. దగ్గరికెళ్లి "ఏవండీ, ఈ సైకిల్ ఈ అబ్బాయిదంట" అన్నాను. తలెత్తి అన్నాడు కదా:

"ఎవరండీ మీరు?"

రెండు నెలల్లో మూడుసార్లు బ్రేకులు బిగించడానికి వెళ్లాను. మూడుసార్లూ టీ తెప్పించాడు. మా అమ్మాయి మార్కులెన్నో కూడా అడిగాడు. "ఎవరండీ మీరు" అని అడిగాడు. కొన్నది ఇక్కడే కదండీ అంటే, "మా దగ్గర కొంటే బిల్లుంటుంది కదా, బిల్లు చూపించండి" అన్నాడు. అదే నోటితో. పక్కనున్న పనివాడు నేల చూపులు చూస్తున్నాడు, ఆ రోజు సైకిల్ తుడిచి మా చేతికిచ్చింది వాడే. నేను గట్టిగా అడిగేసరికి షాపువాడు లేచి నిలబడి, వీధిలో అందరికీ వినపడేలా, "దొంగ సైకిల్ ఎక్కడో కొని నా మీదకి తోస్తారా? పెద్దమనిషిలా ఉన్నారు, సిగ్గుండాలి" అన్నాడు.

నాకు 52 ఏళ్లు. వీధిలో నిలబెట్టి నన్నెవరూ ఇంతవరకు అలా అనలేదు. చేతులు వణికాయి. ఆ కుర్రాడే నా మోచెయ్యి పట్టుకుని "అంకుల్, పదండి స్టేషన్‌కి వెళ్దాం" అన్నాడు. ముందురోజు నేను దొంగవని అరిచిన కుర్రాడు.

స్టేషన్‌లో నాకు ఒరిగిన ఒకే ఒక్క మేలు ఆ 500 అడ్వాన్సు. తేదీ, టైము, షాపువాడి నంబరు ఫోన్‌లో ఉన్నాయి. మిగతా 6,000 ఇచ్చినట్టు నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఎస్సైగారు మర్యాదగానే మాట్లాడారు గానీ ఒక మాటన్నారు: "తెలిసి కొన్నారని మేమనట్లేదు గుమస్తాగారూ. కానీ సగం ధరకి, బిల్లు లేకుండా, నగదిచ్చి కొన్నారు. రేపు కోర్టులో అడిగితే ఏం చెప్తారు?" దొంగసొత్తు అని తెలిసి గానీ, అనుమానించాల్సినంత కారణం ఉండి గానీ తీసుకుంటే భారతీయ న్యాయ సంహిత 317 సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉందట. అనుమానించాల్సినంత కారణం అంటే ఏంటో అప్పుడు తెలిసొచ్చింది. సగం ధరే కారణం.

సైకిల్ పంచనామా చేసి తీసుకున్నారు. కోర్టు ద్వారా ఆ కుర్రాడికే వెళ్తుంది, వెళ్లాలి కూడా. అమ్మేవాడికి లేని హక్కు కొన్నవాడికి రాదు, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టంలోనే ఉంది ఇది. నా డబ్బు మాత్రం నేను ఆ షాపువాడి నుంచే రాబట్టుకోవాలి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేశాను, ఫిర్యాదు రాసుకున్నారు. వాళ్లు కూడా మొదట అడిగింది బిల్లే.

డబ్బు పోతే పోయింది. నిన్న రాత్రి మా అమ్మాయి పక్కన కూర్చుని, "నాన్నా, ఆ రోజు రేవులో వాళ్లంతా నన్ను దొంగనుకున్నారా?" అని అడిగింది. లేదమ్మా అన్నాను. అది నమ్మలేదు. ఈ రోజు కాలేజీకి వెళ్లలేదు.

కొనేవాళ్లకి నేను చెప్పగలిగేది కొంచెమే. డబ్బివ్వకముందే సైకిల్ తిరగేసి నంబరు చూడండి. కొన్నిటికి సీటు గొట్టం మీద కూడా ఉంటుంది. అక్కడ కొత్త రంగున్నా, రాకిన గుర్తులున్నా వదిలేసి వచ్చేయండి. మోటారు సైకిల్‌కి ఆర్‌సీ ఉంటుంది, మన సైకిల్‌కి ఆ నంబరు, బిల్లు తప్ప ఇంకో సాక్ష్యం లేదు. పాత యజమాని బిల్లు కాపీ అడగండి, లేకపోతే కనీసం అమ్మినవాడి చేత నంబరు వేసి, సంతకంతో కాగితం రాయించుకోండి. డబ్బంతా ఫోన్‌లోనే పంపండి.

ఇంట్లో సైకిల్ ఉన్నవాళ్లు ఈ రాత్రే నంబరు ఫొటో తీసి, సైకిల్ పక్కన మీరు నిలబడి ఇంకో ఫొటో తీసి పెట్టుకోండి. ఆ కుర్రాడికి సైకిల్ దొరికింది ఆ ఒక్క ఫొటో వల్లే. వెనక చక్రానికుండే రింగు తాళం ఒక్కటే వేసి వదలకండి, సైకిల్ని అలాగే ఎత్తి ఆటోలో వేసుకుపోతారు. సన్నటి కేబుల్ తాళం కటింగ్ ప్లయర్‌కి ఆగదు. గట్టి యూ లాక్ గానీ లావుపాటి చెయిన్ గానీ తీసుకుని, ఫ్రేముని, వెనక చక్రాన్ని కలిపి కదలని కమ్మీకి వేయండి. ముందు చక్రానికి మాత్రమే వేస్తే చక్రం వదిలేసి మిగతాది పట్టుకుపోతారు.

పోతే ఆ రోజే ఫిర్యాదు ఇవ్వండి. రేవు దాటితే జిల్లా మారిపోతుంది, అటు కోనసీమ, ఇటు పశ్చిమ గోదావరి. మా పరిధి కాదంటే జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పనిలేకుండా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునే కేసు) అడగండి, 2024 జూలై నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టంలో అది రాసి ఉంది. సైకిల్ విలువ బిల్లులో ఉన్నట్టే రాయండి, ఏదో పాతదే కదా అని తగ్గించి రాయొద్దు. 5,000 లోపు వస్తువైతే, మొదటిసారి దోషిగా తేలిన దొంగ తిరిగిచ్చేస్తే సమాజ సేవతో సరిపెట్టే వీలుంది. సైకిల్ ఎక్కడైనా కనిపిస్తే ఒక్కరే వెళ్లి లాక్కోకండి, పోలీసుల్ని పిలవండి.

ఈ సాయంత్రం స్టేషన్ నుంచి వస్తూ ఆ షాపు ముందు నుంచే వచ్చాను. ఆరు సైకిళ్లు బయట నిలబెట్టి ఉన్నాయి. ఒకటి చిన్నపిల్లలది, హ్యాండిల్‌కి గులాబీ రంగు బుట్ట ఇంకా ఉంది.

గత నాలుగైదు నెలల్లో అక్కడ సైకిల్ కొన్నవాళ్లు మీలో ఉంటే తిరగేసి నంబరు చూసుకోండి. రంగు పూసి ఉంటే నాకు చెప్పండి. సోమవారం పొద్దున 10 గంటలకి నేను మళ్లీ స్టేషన్‌కి వెళ్తున్నాను, నాతో రండి. నా ఒక్కడి మాటైతే 500 రూపాయల మాటే. ఇంకో ఇద్దరొస్తే వాడు "ఎవరండీ మీరు" అని అందర్నీ అనలేడు.