నోకియా 3110 క్లాసిక్: కేబుల్, బ్లూటూత్, ఇన్‌ఫ్రారెడ్ ఏళ్ల తరబడి వాడాక

2007లో వచ్చిన ఈ ఫోన్ మా ఇంట్లో ఇంకా నడుస్తోంది. నల్లగొండలో ఉన్నన్నాళ్లు నా జేబులో ఉండేది, ఇప్పుడు హాలియా దగ్గర మా ఊళ్లో నాన్న దగ్గర ఉంది. బీఎల్-5సీ బ్యాటరీని చిన్న రేడియోలకు కూడా వేస్తారు కాబట్టి అది దొరకడం కష్టం కాలేదు. కాల్స్ సంగతి అందరికీ తెలిసిందే. నేను చెప్పేది దీంట్లోకి పాటలు, ఫొటోలు ఎక్కించే, బయటికి తీసే మూడు దారుల గురించి. వేగం కేబుల్‌ది, వాడకం మాత్రం బ్లూటూత్‌ది. ఇన్‌ఫ్రారెడ్, అంటే కంటికి కనపడని కాంతితో పంపే పద్ధతి, ఉందంటే ఉంది, అంతే.

ఇన్‌ఫ్రారెడ్ గురించి ఎక్కువ రాయడానికేమీ లేదు. రెండు ఫోన్లను ఎదురెదురుగా, మీటరు లోపు పెట్టాలి, మధ్యలో చెయ్యి అడ్డొస్తే తెగిపోతుంది. ఇలాంటి ఫోన్లలో ఇన్‌ఫ్రారెడ్ మామూలు వేగం సెకనుకు 115 కిలోబిట్లు. ఆ లెక్కన 5 ఎంబీ పాట పోవాలంటే ఏమీ అడ్డు రాకపోయినా ఆరేడు నిమిషాలు. ఒక్క ఫోన్ నంబర్ పంపడానికైతే సరే.

బ్లూటూత్ కథ వేరు. ఇందులో ఉన్నది 2.0. అదే పాట అవతలి ఫోన్‌ను బట్టి నిమిషానికి అటూ ఇటూగా పోయేది. జేబులో పెట్టుకున్నా పోతుంది, మనిషి పక్క సీట్లో ఉన్నా పోతుంది. పది మీటర్లు అంటారు గానీ మధ్యలో గోడ ఉంటే అంత రాదు. దేవరకొండ బస్సులో వెతికితే చాలు, ఎవరెవరివో పేర్లు వరసగా వచ్చేవి, సగం సినిమా హీరోలవే. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాం పాటలు మా ఊరికి ఇట్లాగే చేరాయి. "జర బ్లూటూత్ ఆన్ చెయ్యన్నా, ఆ పాట పంపియ్యి" అంటే ఎవరూ కాదనేవాళ్లు కాదు. డబ్బులు కట్టి డౌన్‌లోడ్ చేసుకున్న రింగ్‌టోన్లు మాత్రం పంపనిచ్చేవి కావు, వాటికి తాళం వేసి అమ్మేవాళ్లు. ఊరికే వచ్చిన పాట ఊరంతా తిరిగేది, కొన్న పాట కొన్నవాడి ఫోన్‌లోనే ఉండేది!

వైరస్ టెన్షన్ కూడా ఉండేది. 2004లో వచ్చిన కాబిర్ బ్లూటూత్ మీదే పాకింది. కానీ అది సింబియన్ సిరీస్ 60 అనే సాఫ్ట్‌వేర్ ఉన్న స్మార్ట్‌ఫోన్లకు పట్టేది, అదీ మనం ఒప్పుకుంటేనే. దీంట్లో ఉన్నది సిరీస్ 40 అనే వేరే సాఫ్ట్‌వేర్ కాబట్టి దానికి భయపడే పని లేదు. అయినా పని అయ్యాక బ్లూటూత్ ఆపేయడం అలవాటైంది, బ్యాటరీ కోసమైనా.

కేబుల్‌కు మినీ యూఎస్‌బీ పోర్ట్ ఉంది. ఇది మంచి సంగతి, ఎందుకంటే అంతకుముందు నోకియాల్లో చాలావాటికి పాప్-పోర్ట్ అనే నోకియా సొంత పోర్ట్ ఉండేది, దాని కేబుల్ వేరే కొనాలి. దీనికి మామూలు కెమెరా కేబుల్ సరిపోతుంది. పెట్టగానే ఏ మోడ్ కావాలని అడుగుతుంది. డేటా స్టోరేజ్ అంటే పెన్‌డ్రైవ్ లాగా తెరుచుకుంటుంది, డ్రైవర్ గొడవ లేదు. నోకియా మోడ్ అంటే కంప్యూటర్‌లో పీసీ సూట్ అనే నోకియా సాఫ్ట్‌వేర్ ఉండాలి. కేబుల్‌తో ఛార్జింగ్ మాత్రం ఎక్కదు, దానికి సన్న పిన్ను ఛార్జరే. నేను గడియారం సెంటర్‌లో కొన్న పేరులేని కేబుల్ కొన్నాళ్లకే లూజై, పట్టుకుని కూర్చుంటే గానీ కనెక్ట్ అయ్యేది కాదు. కేబుల్ మారిస్తే బాగైంది. 2 జీబీ కార్డు నిండా పాటలు ఎక్కించాలంటే కేబుల్ కూడా నిదానమే. కార్డు తీసి రీడర్‌లో పెట్టడమే మేలు, సెల్ షాపుల వాళ్లు చేసేదీ అదే.

ల్యాప్‌టాప్‌కు నెట్ కోసం దీన్ని మోడెమ్‌గా వాడిన రోజులున్నాయి. *99# డయల్ చేస్తే కనెక్ట్ అయ్యేది. ఈ ఫోన్‌లో వచ్చే 2జీ నెట్, అంటే ఎడ్జ్, వేగం ఎంత బాగున్నా సెకనుకు 236 కిలోబిట్లు దాటదు, బ్లూటూత్ అంతకంటే ఎక్కువే మోయగలదు. కాబట్టి కేబుల్ పెట్టినంత మాత్రాన పేజీ ముందు రాదు. ఎంసెట్ రిజల్ట్స్ రోజు ఏది పెట్టినా తిరుగుతూనే ఉండేది, అది వేరే సంగతి.

ఇప్పుడు ఈ ఫోన్ కనెక్షన్లతో అసలు పని నంబర్లు బయటికి తీయడం. సిమ్‌లోకి కాపీ చేస్తే పొడవైన పేర్లు తెగిపోతాయి. సిమ్‌లో పట్టేవీ మామూలుగా 250 వరకే. పీసీ సూట్ బ్యాకప్ ఎన్‌బీయూ ఫైలుగా వస్తుంది, దాన్ని ఆండ్రాయిడ్ నేరుగా తెరవదు. నాన్న నంబర్లను బిజినెస్ కార్డుగా బ్లూటూత్‌లోనే ఒక్కొక్కటి పంపితే తమ్ముడి ఆండ్రాయిడ్‌లోకి శుభ్రంగా వచ్చాయి. జత చేసేటప్పుడు కోడ్ అడుగుతుంది, రెండు వైపులా ఒకటే కొట్టాలి, 1234 అయినా చాలు. ఓపిక కావాలి, కంప్యూటర్ అక్కర్లేదు. ఐఫోన్‌కు మాత్రం ఇట్లా పంపలేరు, అది బ్లూటూత్‌లో ఫైళ్లు తీసుకోదు. ముందు ఎవరిదైనా ఆండ్రాయిడ్‌లోకి పంపి, అక్కడి నుంచి మెయిల్ చేసుకోండి.